రేడియేటరుకు తెలుగేమిటి?

మొన్నామధ్య ఒక మిత్రుడు రెండు ప్రశ్నలు ఒక్కసారే అడిగాడు. చెప్పుల పెట్టె కంటే కాస్త పెద్దదైన డబ్బాలో కంప్యూటరు కూర్చుకుంటున్నాననీ, దానిని నీటితో చల్లబరచదలచాననీ, ఏ రేడియేటరు కొనాలో చెప్పమనీ మొదటి ప్రశ్న. ఇంతకీ రేడియేటరుకు తెలుగేమిటి అన్నది రెండవది. మొదటిదాన్ని అవసరంతోనూ రెండవదాన్ని సరదాకూ అడిగాడు. నాకు మాత్రం రెండవ ప్రశ్నలోనే మొదటిదానికి జవాబు ఉన్నదని తోచింది. ఆ జవాబు వెతుకుతూ పోతే ఉస్మానియా ప్రాంగణమూ, తార్నాకా, లాలాగూడ రైలు పట్టాలూ అన్నీ తగిలాయి. అందుకే ఈ టపా కొంచెం పొడుగు. ఓపికగా చదవమని మనవి.

ముందు మాట సంగతి చూద్దాం. వేడి ఒక చోటి నుంచి మరొక చోటికి పోయే దారులు మూడు: వహనం, సంవహనం, వికిరణం. తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదువుకున్నవారికి ఈ మూడు మాటలూ కంఠస్థమే. గరిటె కాడ కాలడం వహనం. కాగే నీళ్ళు కిందికీ మీదికీ తిరగడం సంవహనం. ఎండ మన వీపు మీద పడడం వికిరణం. రేడియేటరు అన్న పేరు ఈ మూడవదాని నుంచి పుట్టింది. 1850ల నడుమ రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్రాంజ్ సాన్ గల్లీ అనే పారిశ్రామికుడు చలి గదులను వెచ్చబరచడానికి ఇనుప గొట్టాల పరికరం ఒకటి తయారుచేశాడు. దాని ఎదుట కూర్చుంటే వేడి కొంత వికిరణంగానే ఒంటికి తగులుతుంది కనుక ఆ పేరు కొంతవరకు చెల్లింది. అయితే అక్కడ కూడా గదిలో గాలి వేడెక్కి పైకి లేచి తిరగడం వల్ల జరిగే పని తక్కువేమీ కాదు.

తరువాత అదే పేరు మోటారు కారు ముందు భాగానికి ఎక్కింది. 1900లో విల్‌హెల్మ్ మేబాక్ 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారుకు తేనెపట్టు వంటి రేడియేటరు అమర్చాడు. ఒక్కొక్కటి ఆరు మిల్లీమీటర్ల చదరంగా ఉన్న 8,070 చిన్న గొట్టాలను కలిపి చేసిన పలక అది. గాలి ఆ గొట్టాల గుండా పోతుంది, నీరు వాటి చుట్టూ పారుతుంది. అంతకు ముందు పద్ధతిలో పద్దెనిమిది లీటర్ల నీరు కావలసిన ఇంజనుకు తొమ్మిది లీటర్లు చాలాయి. ఇక్కడ వికిరణం పాత్ర దాదాపు లేనట్టే. పనంతా లోహాన్ని తాకుతూ పోయే గాలిది. పేరు మాత్రం మారలేదు.

పేరు తప్పైతే మనకేమిటి నష్టం అనవచ్చు. ఉన్నది. ఆ నష్టం నేను స్వయంగా చవిచూశాను. ఆ కథ తరువాత చెబుతాను.

* * *

మాటలు కల్పించే పనిని ఒక రాజ్యం తన భుజాన వేసుకున్న చోటు ఉస్మానియా. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉన్నత విద్య మొత్తాన్ని ఉర్దూలో బోధించాలన్నది సంకల్పం. అప్పటికి రసాయనశాస్త్రానికీ, యంత్రశాస్త్రానికీ, వైద్యానికీ ఆ స్థాయిలో ఉర్దూ పుస్తకాలు లేవు. అందుకని 1917లోనే ఒక అనువాద విభాగం నెలకొల్పారు. మౌల్వీ అబ్దుల్ హక్ వంటి పండితులు దానికి సారథ్యం వహించారు. ఒక్కొక్క శాస్త్రపదం కోసం పండితులు, శాస్త్రజ్ఞులు ఒకే గదిలో కూర్చుని, అరబ్బీ ధాతువు తీసుకుందామా, ఫారసీ సమాసం కడదామా, ఇంగ్లీషు మాటనే ఉంచుదామా అని వాదించుకునేవారు. మనం ఈనాడు తెర ముందు కూర్చుని చేస్తున్న వాదనలే అవి.

ఈ ప్రయోగంలో ఒక గొప్ప ఉన్నది, ఒక లోటూ ఉన్నది. భారతీయ భాషలో ఉన్నత శాస్త్రవిద్య సాధ్యమేనని చూపడం గొప్ప. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రజలే అధికంగా ఉన్న రాజ్యంలో వారి భాషలకు ఆ స్థానం దక్కకపోవడం లోటు. 1948 తరువాత బోధన ఇంగ్లీషులోకి మారింది. తెలుగులో కళాశాల స్థాయి పుస్తకాల కోసం 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. వహన, సంవహన, వికిరణాలు మన నాలుకల మీద నిలిచాయంటే ఆ పాఠ్యపుస్తకాలు చేసిన మేలు చాలా ఉన్నది. రేడియేటరు మాత్రం రేడియేటరుగానే మిగిలిపోయింది. మక్కికి మక్కి దింపి "వికిరణి" అంటే ఇంగ్లీషువాడి తప్పును మనం కూడా నెత్తికెత్తుకున్నట్టే.

ఇక ఆర్ట్స్ కళాశాల భవనం. 1934లో శంకుస్థాపన జరిగింది, 1939లో ప్రారంభమయింది. బెల్జియం దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేశాడు. గులాబి రంగు గ్రానైటు రాయి. ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో నడిచివచ్చి ఆ మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టినవారెవరూ ఆ మొదటి క్షణాన్ని మరచిపోరు. ఒక్కసారిగా చల్లదనం కమ్ముకుంటుంది. మందపు రాతిగోడ వేడిని తొలగించదు, వాయిదా వేస్తుంది. పగటి ఎండను తనలో దాచుకుని, రాత్రి మెల్లగా వదిలిపెడుతుంది. నీటితో చల్లబరిచే కంప్యూటరులో కూడా ఇదే మాయ ఉన్నది. తొట్టిలో నీళ్ళెక్కువ ఉంటే మొదటి అరగంట ఉష్ణోగ్రత నెమ్మదిగా పెరుగుతుంది. చూసి మురిసిపోతాం. అరగంట గడిచాక ఎక్కడికి చేరాలో అక్కడికే చేరుతుంది. నీరు వాయిదా వేస్తుందే గాని బాకీ తీర్చదు. బాకీ తీర్చవలసింది గాలి.

* * *

ప్రాంగణం దాటి తార్నాకకు వద్దాం. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు, తీగ కంచె దగ్గరి కాపలా చౌకీ వల్ల ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ చౌకీ చుట్టూ తరువాతి కాలంలో విజ్ఞానశాస్త్రం ఇల్లు కట్టుకున్నది. 1944లో హైదరాబాదు రాజ్య ప్రభుత్వం స్థాపించిన కేంద్ర ప్రయోగశాలలు 1956లో సి.ఎస్.ఐ.ఆర్. కిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధనాశాలగా పేరొంది, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అయ్యాయి. 1958లో కూనూరు నుంచి పోషకాహార పరిశోధన సంస్థ తరలివచ్చింది. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఏర్పడింది. ఇవన్నీ ఒకదాని నుంచి ఒకటి నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే ఉన్నాయి.

రసాయన ప్రయోగశాలలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థీ మొదట నేర్చుకునే పనులలో లీబిగ్ కండెన్సరుకు రబ్బరు గొట్టాలు తగిలించడం ఒకటి. లోపలి గాజు గొట్టంలో ఆవిరి, బయటి తొడుగులో చల్లని నీరు. నీరు కింది నుంచి ప్రవేశించి మీది నుంచి పోవాలి. తిరగవేస్తే తొడుగు నిండదు, గాలి బుడగ నిలిచిపోతుంది, అంతమేర గాజు పనిచేయదు. తగిలించిన గొట్టం ఊడి బల్ల తడిసిందంటే అందరూ నవ్వుతారు. చిన్న డబ్బాలో రేడియేటరు అమర్చేటప్పుడు నేర్చుకోవలసిన పాఠాలన్నీ ఇందులోనే ఉన్నాయి: నీరు నిండుగా ఉండాలి, గాలి బుడగ పైకి చేరి బయటపడే దారి ఉండాలి, కీళ్ళు బిగువుగా ఉండాలి.

తార్నాకకు పక్కనే లాలాగూడలో 1893 నాటి రైలు కార్ఖానా ఉన్నది. మరికొంత దూరం పోతే మౌలాలిలో డీజిలు ఇంజన్ల షెడ్డు. 1960లలో మన దేశానికి వచ్చిన డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజన్లు దశాబ్దాలపాటు ఆ పట్టాల మీద తిరిగాయి. వాటిలో ఒక చివర గది మొత్తం రేడియేటరుకే. పక్కలకు జాలీలు, వాటి వెనక నీటి పలకలు, నెత్తి మీద పెద్ద పంకా. పక్కల నుంచి చల్లగాలి లోపలికి, నెత్తి మీద నుంచి వేడిగాలి బయటికి. ఇంజను కట్టినవారు రేడియేటరు ఎక్కడ పెట్టాలని ఆలోచించలేదు, గాలి ఎటు వచ్చి ఎటు పోవాలని ఆలోచించారు. ఆ రెండు ఆలోచనలకూ నడుమ ఉన్న తేడాయే ఈ టపాలోని అసలు విషయం.

* * *

ఇక కంప్యూటర్ల సంగతి. 1946లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లోకానికి చూపిన ఎనియాక్‌లో దాదాపు పద్దెనిమిది వేల శూన్యనాళికలు. అది వాడుకునే విద్యుత్తు 150 కిలోవాట్లు. అంతా వేడిగా మారేదే. దానిని ఊదివేయడానికి పెద్ద పంకాలు. 1960లో బొంబాయిలో టాటా సంస్థలో పూర్తయిన టిఫ్రాక్‌లో కూడా శూన్యనాళికలే. ఆ తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యంలో 1967లో హైదరాబాదులో వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ, 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును తయారుచేసింది. తార్నాక నుంచి బస్సెక్కి వెళ్ళే దూరంలో జరిగిన చరిత్ర ఇది. శూన్యనాళికల వేడి అలా ట్రాన్సిస్టరుతో తగ్గింది.

తగ్గిన వేడి తిరిగి పెరిగింది. 1980లో ఐ.బి.ఎం. ప్రకటించిన 3081 యంత్రంలో ఒక్కొక్క పలక మీద వందకు పైగా చిప్పులు. ప్రతి చిప్పు వీపునూ ఒక చిన్న లోహపు ముషలకం తాకుతూ ఉంటుంది, నడుమ హీలియం వాయువు, పైన నీరు పారే పలక. 1985 నాటి క్రే-2లో యంత్రం మొత్తాన్నీ విద్యుత్తు పారని ద్రవంలో ముంచేశారు. 1990లలో ఆ చిప్పుల తయారీ పద్ధతి మారి సీమాస్ వచ్చింది, వేడి పడిపోయింది, పెద్ద యంత్రాలు నీటిని వదిలి గాలికి తిరిగి వచ్చాయి.

అదే కాలంలో మన బల్లల మీది కంప్యూటరు వేడెక్కసాగింది. 1993 నాటి తొలి పెంటియం పదిహేను వాట్లకు అటూ ఇటూ. 2004 నాటి పెంటియం 4 ప్రెస్కాట్ రకాలలో కొన్ని 115 వాట్లు. ఆ ఏడాదే ఆపిల్ సంస్థ తన పవర్ మాక్ జి5లో ఒక రకాన్ని ద్రవంతో చల్లబరచి అమ్మింది. ఔత్సాహికులు అంతకు ముందే మొదలుపెట్టారు: పాత కార్లలో లోపలి గాలిని వెచ్చబరిచే చిన్న రేడియేటరు, చేపల తొట్టి పంపు, తోటపని గొట్టం. 2006లో కోర్ 2 వచ్చి 65 వాట్లకు దిగింది. ఇప్పుడు మళ్ళీ ఎక్కింది. 2022లో వచ్చిన ఒక గ్రాఫిక్సు కార్డు ఒక్కటే 450 వాట్లు తాగుతుంది.

ఈ చరిత్రలో గమనించదగిన సంగతి ఒకటున్నది. వేడి సమస్యను రేడియేటరు ఏనాడూ పరిష్కరించలేదు. ప్రతిసారీ వేడి పుట్టించే వస్తువు మారినప్పుడే అది తీరింది. రేడియేటరు మధ్యకాలాన్ని గడిపించింది.

ఆ రోజుల్లో కంప్యూటరు గదులకు వెళ్ళినవారికి మరొకటి గుర్తుండి ఉంటుంది. గుమ్మం బయట చెప్పుల వరుస. లోపల ఏసీ. పాఠం చెప్పే గదిలో పంకా సరిగా తిరగకపోయినా, యంత్రాల గదికి మాత్రం గుడిలో గర్భాలయానికి ఉన్నంత చల్లదనం, మడి. ధూళి పడకూడదని చెప్పులు, వేడి చేరకూడదని ఏసీ. ఎండాకాలంలో పని లేకపోయినా ఆ గదికి పోయి కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

* * *

ఇప్పుడు నా కథ. 2005 వేసవిలో తార్నాకలో మేడమీద అద్దె గదిలో ఉండేవాణ్ణి. పైకప్పు మీద నేరుగా ఎండ. ఒక చిన్న డబ్బా కొని, అందులో పెంటియం 4 పెట్టి, పంకా రొద భరించలేక నీటితో చల్లబరచాలనుకున్నాను. రాణిగంజ్‌లో తిరిగి ఒక పాత కారు లోపలి రేడియేటరు సంపాదించాను. రాగి, ఇత్తడి. ఒక చోట కారుతుంటే మాటు వేయించాను. డబ్బాలో పట్టిన చోట, అంటే ఒక పక్క గోడకు ఆనించి పెట్టేశాను. రేడియేటరు కదా, వేడిని "వెదజల్లుతుంది" కదా అనుకున్నాను. పేరు చేసిన మోసం అదే. ఆ గోడకు రంధ్రాలు లేవు. పంకా డబ్బాలోని గాలినే తీసుకుని, రేడియేటరు గుండా పంపి, మళ్ళీ డబ్బాలోకే వదిలేది. నీరు గంటలో పొగలు గక్కేంత అయింది. దాన్ని సరిదిద్దబోయి పంకాను పొడుగు మరతో బిగించాను. మర కొస పలక దాటి నీటి గొట్టంలోకి దిగింది. మదర్‌బోర్డు మీద సన్నగా ధార. నెలరోజుల ట్యూషను డబ్బులు అలా పోయాయి. ఎవరినీ అనడానికి లేదు, తప్పు నాదే.

అప్పుడు కూర్చుని వేసుకున్న లెక్కలు ఇవి. మిత్రుడికి ఇవే పంపాను.

ఒక లీటరు నీరు మోసే వేడిని మోయాలంటే సుమారు మూడున్నర వేల లీటర్ల గాలి కావాలి. యంత్రం 200 వాట్లు పుట్టిస్తుందనుకుందాం. నిమిషానికి నాలుగు లీటర్ల నీరు తిరిగితే, ఒక చుట్టులో నీరు వేడెక్కేది ముక్కాలు డిగ్రీ కూడా కాదు. కనుక పంపు పెద్దదా, గొట్టాల వరుస ఏది ముందు ఏది వెనక అన్న చర్చ దాదాపు వృథా. అదే 120 మిల్లీమీటర్ల పంకా ఒకటి రేడియేటరు గుండా సెకనుకు పద్నాలుగు లీటర్ల గాలిని నెట్టగలిగితే, ఆ గాలి పన్నెండు డిగ్రీలు వేడెక్కి బయటికి వస్తుంది. ఇరుకు ఉన్నది గాలి వైపే. కాబట్టి ఆలోచించవలసిందీ గాలి గురించే.

రెండవది, మన ఊరి ఎండ. "ఒక్కో భాగానికి ఒక 120 రేడియేటరు చాలు" వంటి సూత్రాలు చాలావరకు ఇరవై, ఇరవై రెండు డిగ్రీల గదులలో పుట్టినవి. మే నెలలో తార్నాక మేడ గది 38. గది కంటే నీరు పన్నెండు డిగ్రీలు ఎక్కువ ఉంటే అక్కడ 34, ఇక్కడ 50. ఈ పంపులలో చాలావాటికి 60 డిగ్రీలు దాటిన నీరు పనికిరాదు, మెత్తని గొట్టాలు ఆ వేడికి సాగుతాయి. వాళ్ళకు విలాసమైన అదనపు రేడియేటరు మనకు అవసరం. రేడియేటరు నీటిని గది గాలి కంటే చల్లగా ఎన్నటికీ చేయలేదు. మన కూజా చేయగలదు. నలభై డిగ్రీల ఎండలో, గాలిలో తేమ ఇరవై శాతమే ఉన్న రోజున, తడి ఆరడం వల్ల 22, 23 డిగ్రీల దాకా దిగే వీలున్నది. వట్టివేళ్ళ తడికలూ, గడ్డి కూలర్లూ చేసేది అదే. అయితే 200 వాట్లకు గంటకు 300 మిల్లీలీటర్ల చొప్పున నీరు ఆవిరి కావాలి, బోరు నీటిలోని సున్నం పేరుకుంటుంది. కంప్యూటరుకు అది కుదరని బేరం.

మూడవది, కొలతలు. 240 రేడియేటరు అంటే రెండు పంకాల వెడల్పు మాత్రమే. రెండు చివరల తొట్లూ కలిపితే 275, 280 మిల్లీమీటర్లు. 30 మందం రేడియేటరుకు 25 మందం పంకా చేరితే 55, 45 మందానికి 70, 60 మందానికి 85. పదిహేడు సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డు పట్టే డబ్బాలో ఇవి కాగితం మీద గీసుకోకుండా కొనకూడదు. మందం రెట్టింపయితే చల్లదనం రెట్టింపు కాదు. నెమ్మది పంకాకు సన్నని రేడియేటరే మేలు. మందమైనది ఒకటి పెట్టడం కంటే సన్ననివి రెండు పెట్టి, రెండూ బయటి గాలి తీసుకునేటట్టు చూడడం మంచిది.

నాలుగవది, రెక్కల ఒత్తు. అంగుళానికి ఎనిమిది రెక్కల నుంచి ముప్ఫై రెక్కల దాకా దొరుకుతాయి. ఒత్తు రెక్కలకు గట్టిగా నెట్టే పంకా కావాలి, అంటే రొద. పైగా మన ధూళి. మూడు నెలలలో ఒత్తు రెక్కల మధ్య నూగు దుప్పటి పరచుకుంటుంది. పదీ పన్నెండు దాటనివ్వకండి.

అయిదవది, లోహం. రాగి, ఇత్తడి పక్కన అల్యూమినియం చేర్చవద్దు, నీటిలో ఒకటి మరొకదాన్ని తినేస్తుంది. కొళాయి నీరు వద్దు. బ్యాటరీ దుకాణంలో దొరికే స్వేదనజలం, దానితోపాటు తుప్పు పట్టకుండా, నాచు పెరగకుండా కలిపే మందు వాడాలి. మర పొడవు కొలవండి. ఈ చివరి మాట అనుభవం మీద చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు చేయవలసినది చివర చెబుతున్నాను. చిప్పుకు ఇచ్చే వోల్టేజి కొంచెం తగ్గించి చూడండి. 200 వాట్లు 150 అయితే, పైన చెప్పిన ఇబ్బందులన్నీ పావు వంతు తగ్గినట్టే. చరిత్ర ప్రతిసారీ చెప్పిన జవాబు అదే కదా.

* * *

2017లో తార్నాక మీదుగా మెట్రో వచ్చింది. ఇప్పుడు ఆ చౌరస్తాలో ఏసీ పెట్టెలో కూర్చుని, నేనున్న మేడ గది వైపు చూస్తూ దాటిపోతాను. ఆ పెట్టె నెత్తి మీద కూడా పంకాలు తిరుగుతూ, లోపలి వేడిని తీసి చౌరస్తా మీదికే వదులుతూ ఉంటాయి. ఊరి వేడి తగ్గలేదు, చోటు మారింది.

మాట సంగతి తేల్చి ముగిస్తాను. మా అమ్మమ్మ పాలను రెండు గ్లాసుల మధ్య తిరగబోసి చల్లార్చేది. వికిరణం గురించి ఆమెకు తెలియదు. పాలకూ గాలికీ మధ్య ఎంత చోటు కల్పిస్తే అంత త్వరగా చల్లారుతాయని తెలుసు. ఆ తెలివి ఉన్న పేరు కావాలి మనకు. "గాలిజల్లెడ" అందామా? జల్లెడను ఎవరూ గోడకు ఆనించి వాడరు. అటు పక్కా ఇటు పక్కా ఖాళీ ఉండాలని చూడగానే తెలుస్తుంది. కన్నాలు సన్నమైతే త్వరగా పూడుకుపోతుందనీ, అప్పుడప్పుడు దులపాలనీ కూడా ఆ మాటే చెబుతుంది. దుకాణంలో రేడియేటరు అనే అడగండి, లేకపోతే ఇవ్వరు. డబ్బాలో అమర్చేటప్పుడు మాత్రం మనసులో గాలిజల్లెడ అనుకోండి.

2005లో ఆ మాట నాకు తట్టి ఉంటే ఒక మదర్‌బోర్డు మిగిలి ఉండేది. ఇంతకంటే మంచి మాట మీకు తోస్తే తప్పక చెప్పగలరు.